గంగులు కాళ్ళకి సున్నం

నేను కొంగని. చెరువులో ఒంటికాలి మీద నిలబడే రకం కాదు, గేదెల వీపెక్కి పిడుదులు ఏరుకు తినే రకం. ఈ కథలో సిగ్గుపడాల్సినవాళ్ళు ఇద్దరు. ఒకడు గంగులు అనే దున్నపోతు, రెండోదాన్ని నేను. మీరు నవ్వితే పడతాను.

మా ఊరు కొండ కింద. ఊరికీ అడవికీ మధ్య బీట్లో మా మంద మేస్తుంది. అడవిలో గుంపుగా వేటాడే రేసుకుక్కల వాసన తగిలిందంటే దూడల్ని మధ్యలోకి తోసి, పెద్దవన్నీ చుట్టూ కొమ్ములు బయటికి పెట్టి నిలబడతాయి. ఎవరి చోటు వాళ్ళది. అడవివైపు చోటు గంగులుది. పక్కన వాడి అక్క పైడమ్మ, వెనకాల పైడమ్మ కూతురు చుక్కి. చుక్కికి మూడు నెలలు.

గంగులు అక్కడ ఉన్నంతకాలం రేసుకుక్కలకీ, వాటి ఎంగిలి మీద బతికే నక్కకీ దూడ మాంసం కల్లే. అందుకని ఓ పొద్దున నక్క తోకూపుకుంటూ వచ్చింది.

"గంగులు మామా, నీలాంటివాడు బురదలో పొర్లుతుంటే నా కడుపు తరుక్కుపోతోంది. కొండమీద అడవిదున్నల్ని చూశావా? పులి కూడా పక్కకి తప్పుకుంటుంది!"

"వాళ్ళ జాతి వేరులే అల్లుడూ."

"ఏం వేరు? నలుపు లేదా, కొమ్ములు లేవా? తేడా అల్లా మోకాళ్ళ కింద తెలుపు. ఊళ్ళో గోడలకి వెయ్యడానికి సున్నం నానబెట్టారుగా, ఆ గుంటలో నాలుగడుగులు వేసిరా. ఎవడడుగుతాడో చూస్తా."

"మరి వాళ్ళకి మూపురం ఎత్తుగా ఉంటుంది కదా?"

"తల దించుకు నడు. అదే లేస్తుంది."

అప్పుడు నేను "ఒరే, వద్దురా" అనాలి. కానీ అడవిదున్న వీపు మీద తిరిగే కొంగంటే మావాళ్ళలో ఎంత పరువు! "నీకు బాగా నప్పుతుంది గంగులూ" అన్నాను. పాడునోరు!

కాళ్ళు మండుతున్నా పళ్ళు బిగించి సున్నం గుంట దాటాడు. కొండెక్కాం. అడవిదున్నల పెద్దాయన వాణ్ణి పైనించి కిందిదాకా చూసి, "ఎండన పడి వచ్చావు, మెయ్యి నాయనా" అన్నాడంతే. ఇక గంగులు నేలమీద నిలిస్తేనా! మధ్యాహ్నం ఒళ్ళు కాలిపోతుంటే మాత్రం కిందున్న మా మడుగుకేసి చూసి గుటకలు మింగేవాడు. దిగితే సున్నం పోతుందిగా మరి. పైగా ఎవరూ అడక్కుండానే "బురద చూస్తే నాకు వాంతి" అనేవాడు.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం కిందినుంచి కేక వినిపించింది. పైడమ్మ గొంతు.

"ఒరే గంగులూ! నీ చోటు ఖాళీగా ఉందిరా! చుక్కిని లాగేస్తున్నాయిరా!"

పెద్దాయన తలెత్తాడు. "ఎవరు నాయనా అది?"

గంగులు చెవులు రెండూ కేకవైపు తిరగడం వీపు మీదున్న నాకు కనిపిస్తూనే ఉంది. అయినా వాడన్నాడు గదా, "ఎవరో ఊరి గేదెలండి. వాటికెప్పుడూ ఏడుపే. మనకెందుకు?"

నేనైనా చెప్పొచ్చు. ముక్కు రెక్కలో దాచుకున్నాను.

"దూడ ఏడుస్తుంటే ఎవరిదని చూస్తామా?" అంటూ పెద్దాయన కొండ దిగాడు. మంద మొత్తం వెనకాలే ఉరికింది. అందరికంటే ఆఖరున గంగులు.

అన్ని కొమ్ములు ఒక్కసారిగా మీదికొచ్చేసరికి రేసుకుక్కలు పరుగందుకున్నాయి. దారిలో నక్క దొరికింది. "కొమ్ముల్లేని వైపు చూపిస్తానంటివి, ఇదా?" అని దాని తోక సగానికి కొరికేశాయి. చుక్కి బతికింది. ఎడమ చెవి సగమే మిగిలింది.

గంగులు పెద్దాయన ముందు తల వాల్చాడు. "నేను అడవిదున్నని కానండి."

"వచ్చినరోజే తెలుసు. మా కొమ్ములు పైకి లేచి ఉంటాయి, నీవి వెనక్కి వాలి ఉన్నాయి."

"మరి తరిమెయ్యలేదేం?"

"గేదెజాతి అయినంత మాత్రాన తరుముతామా? గడ్డి అందరిదీ. ఆ కేక నీవాళ్ళదని కూడా నాకు తెలుసు నాయనా. నీ నోటితో చెబుతావేమోనని అడిగాను."

ఆ మాట విని నేను సిగ్గుతో చచ్చిపోయాను. గంగులు సంగతి చెప్పాలా?

మడుగులో దిగాడు. సున్నం ఒక్క మునకకి పోయింది. పైడమ్మ తిట్టలేదు, దగ్గరికీ రాలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని లోకం నక్కని ఆడిపోసుకుంటుంది. ఈసారి వాతలు పెట్టుకున్నది మేము, పెట్టించింది నక్క.

సాయంత్రం గాలి మళ్ళీ రేసుకుక్కల వాసన మోసుకొచ్చింది. మంద చుట్టూ నిలబడింది. గంగులు తన చోటుకి పరిగెత్తాడు. అక్కడ చుక్కి ఉంది. ఇంకా కొమ్ములైనా రాని నుదురు అడవివైపు పెట్టి, తెగిన చెవితో నిలబడింది.

"తప్పుకో తల్లీ, అది నా చోటు."

"ఇవాళ ఉంటావా మామయ్యా? ఖాళీగా ఉంటే భయమేస్తోంది."

గంగులు దాని ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఆ పూట కుక్కలు రాలేదు. మందంతా మేతకి కదిలాక కూడా వాడు కదల్లేదు. నాకు వాడి వీపు మీద కూర్చోవడానికి మొహం చెల్లక కిందికి దిగిపోయాను.

కాళ్ళకంటిన సున్నం ఒక్క మునకతో పోతుంది. అయినవాళ్ళు పిలిస్తే పలకని సిగ్గు ఎన్ని మునకలేసినా పోదు.