మనిషెత్తు సీసా

రత్నగిరి రాజు చిత్రసేనుడికి ద్రాక్షసారా అంటే మహా మోజు. రాణి పోరు పడలేక, ఇకమీదట రోజుకి ఒక్క సీసాకి మించి తాగనని మాటిచ్చాడు. ఆ వెంటనే గాజుపని చేసే ఓబన్నను పిలిపించి, మనిషెత్తు సీసా ఒకటి చేయించాడు.

"ఇదీ ఒక్క సీసాయే కదా!" అని రాణి ఎదుటే నవ్వాడు. ఆమె ముఖం చిన్నబోయింది.

ఊది ఊది ఓబన్న బుగ్గలు వాచాయి. అయినా రాజు, "నీ కష్టానికి ఒక్క బస్తా ధాన్యం పట్టుకుపో" అన్నాడు.

మర్నాడు ఓబన్న ఊళ్ళోని పాత గోనెలన్నీ కలిపి కుట్టిన బస్తాను బండి మీద తెచ్చి, కోటలో ధాన్యపు కొట్టు ముందు పరిచాడు. రాజు మండిపడ్డాడు.

"ఇది బస్తానా? కొట్టంతా ఇందులోనే పడుతుంది!"

"ఒక్క బస్తాయే ప్రభూ! కాదంటారా, మామూలుదే తెచ్చుకుంటాను. కానీ అప్పుడు మీ సీసా కూడా ఒక్కటి కాదని రాణిగారితో తమరే చెప్పాలి."

పక్కనే ఉన్న రాణి పకపకా నవ్వింది. రాజు కొట్టు వైపోసారి, రాణి వైపోసారి చూసి తనూ నవ్వేశాడు.

"మామూలు బస్తాలు పది పట్టుకుపోరా. నాకు మామూలు సీసా చాలు."

ఆ వేసవంతా పెద్ద సీసా కోట గుమ్మంలో నిలబడి, దారిన పోయేవాళ్ళకి చల్లటి మజ్జిగ పోసింది.