ఎర్రలైటు కింద ఎర్ర సిరా

దివాకరం మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్ళకి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. పేరేమో దివాకరం, బతుకంతా చీకటిగదిలో. ఎండపొడ సోకని సముద్రపు లోతుల్లో, తమ వెలుగు తామే పుట్టించుకుని బతికే చేపల కళ్ళను పరీక్షించడం ఆయన విద్య.

విశాఖలోని ఆయన పరిశోధనశాలకు ఒక ఉదయం శిష్యురాలు నూకరత్నం వచ్చి, టైపు కొట్టించిన తన సిద్ధాంతగ్రంథాన్ని బల్ల మీద దబ్బున పడేసింది. పరీక్షకుడు ఒక అధ్యాయం మొత్తాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ఇలా రాశారు: "లోతుల్లో వెలుగంతా నీలమే. అక్కడి ఏ కన్నూ ఎరుపును పట్టదు. నేనూ వెతికాను, లేదు. తీసెయ్యాలి." ఆయన ఉద్దండుడే, కాదనలేం. కాని తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. అధ్యాయం తీసేస్తే రత్నానికి పట్టా వస్తుంది, పట్టాతో కాలేజీలో ఉద్యోగం. ఉంచితే రెండూ లేవు.

ఆ అధ్యాయం ఒక నల్లచేపది. దాని కంటి కింద బుల్లి ఎర్రదీపం ఉంటుంది. పక్క చేపలకు కనబడని ఆ వెలుగులో అది వేటాడుతుందని, ఎరుపును పట్టే రంగుపదార్థం దాని కంట్లో ఉందని రత్నం రాసింది.

"మొదటి చేప కళ్ళు తీసిన రోజు చీకటిగదిలో లైటు మాడిపోయిందండి. చీకట్లోనే తడుముకుంటూ పని చేశాను. ఎరుపు దొరికింది. కొత్త బల్బు పెట్టాక రెండో చేప కన్ను తీశాను, దొరకలేదు. ఆయనకీ దొరకలేదు. ఇంక మిగిలింది ఒక్క కన్ను. నేను రాసింది అబద్ధమా మాస్టారూ? మీరు అవునంటే ఇప్పుడే చింపేస్తాను. ఆయనంటే మాత్రం చింపను!"

మాస్టారు గ్రంథం చంకలో పెట్టుకుని చీకటిగదిలోకి నడిచారు. వెనకే వెళ్ళిన రత్నం తలుపు మూసింది. మాస్టారు ఎర్రలైటు వేసి, ఆ అధ్యాయం తెరిచి ఆమె ముందుంచారు.

"ఆయన రాసింది చదువు."

రత్నం వంగి చూసింది. టైపు అక్షరాలు నల్లగా, పొల్లు పోకుండా ఉన్నాయి. కొట్టివేత లేదు. పక్కన చీవాట్లూ లేవు. కళ్ళు నులుముకుని పేజీ తిప్పింది, అక్కడా లేవు.

"ఏమీ లేదండీ. ఎర్రలైటులో ఎర్ర సిరా కనబడటం లేదు."

"ఆయన గదిలోనూ ఇదే లైటు," అన్నారు మాస్టారు.

రత్నానికి అప్పుడు తట్టింది. కంట్లో రంగుపదార్థం ఏ వెలుగును పట్టగలదో ఆ వెలుగు తగిలితేనే వెలిసిపోతుంది. లోతు చేపలు ఎరుపును పట్టవన్న ధీమాతోనే అందరూ తాతల నాటి నుంచి ఎర్రలైటు కింద ఈ పని చేస్తున్నారు. ఎరుపును వెతకడానికి పట్టుకెళ్ళిన దీపమే దాన్ని తినేస్తోంది. దీపం కిందే చీకటని పెద్దలు ఊరికే అన్నారా! ఆమెకు కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"ఇదే రాసి పంపుతానండి. పట్టా ఆపితే?"

"ఆపుతారు."

"ఆపనీండి! నా చేప కళ్ళలో దుమ్ము కొట్టి తెచ్చుకునే పట్టా నాకెందుకు?"

మంచుపెట్టెలోంచి మిగిలిన ఆ ఒక్క కన్నూ ఉన్న డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇది పాడైతే ఇంకొకటి లేదు. మూత మీద చెయ్యి వేసి ఆగింది.

"మరి ఆయన తీసెయ్యమన్నదానికి ఏం చెప్పమంటారు మాస్టారూ?"

"పెద్దవాళ్ళ మాట తీసెయ్యకూడదమ్మా," అన్నారాయన గోడ మీది స్విచ్చి వైపు చూపిస్తూ. "తీసెయ్యమన్నారుగా, తీసెయ్. ఆ లైటు."