ఇప్పవేళ్ళ కింది నిప్పు

ఎండాకాలం చివర్లో కోతిగుట్టకి కార్చిచ్చు అంటుకుంది. అలాంటిలాంటి చిచ్చా అది! ఆ సెగకి మూడామడల అవతలి చెరువులో చేపలు ఉడికి పైకి తేలాయి. పొగ పైకి లేచి సూర్యుడికే దగ్గు తెప్పించింది. కుందేలు ఒక్క గంతులో ఏడు బండలు దాటింది. ఎనిమిదోది కూడా దాటేదే, కానీ గుట్ట అయిపోయింది. మొత్తానికి జీవాలన్నీ ప్రాణాలు అరచేత పట్టుకుని వాగు నడుమనున్న ఇసుకదిబ్బ మీదికి చేరాయి.

వాటిలో గంగులమ్మ అనే ఏదుపంది నిండు చూలాలు. గుట్ట మీద ఇప్పచెట్టు కింద ఆమె బొరియ. వాళ్ళ అమ్మమ్మ మొదలుపెడితే అమ్మ పూర్తి చేసిన ఇల్లు. దాని లోతు చూస్తే పాతాళవాసులే పొరుగువాళ్ళని అనుకోవాల్సిందే! పిల్లలు పుట్టేలోగా గంగులమ్మ అక్కడికి చేరాలి. ఇసుకలో బొరియ నిలవదు. తవ్విందల్లా తవ్వినట్టే కూలిపోతోంది.

గుట్టవాసులకి ఒక కట్టుబాటుంది. తీతువు నేల మీదే గుడ్లు పెట్టే పిట్ట. అది కాలిన నేల మీద వాలి, రెండు కాళ్ళూ ఆనించి నిలబడేదాకా ఎవరూ ఇంటికి తిరిగి వెళ్ళకూడదు. తొమ్మిది రోజులైంది. తీతువు ఇంకా గాల్లోనే తిరుగుతోంది.

"నేను చూసొస్తా," అని సింగన్న నక్క పొద్దున్నే బయల్దేరాడు. మధ్యాహ్నానికి నీరసం నటిస్తూ తిరిగొచ్చాడు.

"అయ్యో వదినా, ఏం చెప్పమంటావు! పైకి బూడిద, అడుగున భగభగా నిప్పులే. నెల రోజులదాకా అటు తొంగిచూడకండి."

"నా ఇల్లు చూశావా మరిదీ?"

"దూరం నుంచే చూశా. దగ్గరికెలా పోతాం, కాళ్ళు కాలిపోవూ?"

గంగులమ్మ అతని కాళ్ళ వంక చూసింది. గుట్టంతా నల్లబూడిద. కాని సింగన్న నాలుగు పాదాల గోళ్ళ సందుల్లో, వాగు దాటినా వదలని ఎర్రమట్టి. ఆ మట్టి ఒక్క తన బొరియ అడుగునే ఉంటుంది.

'మందినంతా ఇక్కడే ఆపి, నా ఇంట్లో కాపురం పెడతాడన్నమాట,' అనుకుంది. ఒళ్ళు మండి ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఇంకేం ఆగుతుంది! భారమైన పొట్టతో వాగులోకి దిగి గుట్టవైపు గట్టుకి చేరింది. సింగన్న హడావుడిగా వెంటపడ్డాడు.

గట్టు ఎక్కుతూ ఆమె ఆగిపోయింది. తీతువు గుట్ట వాలులో కిందికి దిగింది, నేలకి కాలు తగలబోతుండగా గిరుక్కున పైకి లేచిపోయింది. ఇప్పచెట్టు మొదట్లోంచి సన్నటి పొగ, దారప్పోగులా వస్తోంది. మంట లేదు. పచ్చివేరు కాలుతున్న తీపి వాసన మాత్రం ఉంది.

సింగన్న అల్లిన అబద్ధం, అతనికి తెలియకుండానే నిజమై కూర్చుంది.

గంగులమ్మ వెనక్కి తిరిగి సింగన్న వంక చూసింది. నోరు మూసుకుంటే చాలు, వాడి శాస్తి వాడికి జరుగుతుంది. కానీ చచ్చేవాణ్ణి చూస్తూ ఎలా ఊరుకోవడం?

"మరిదీ, నువ్వు నా ఇంట్లో దూరావని నీ కాళ్ళే చెబుతున్నాయి. ఆ సంగతి తర్వాత చూసుకుందాం. చెట్టు వేళ్ళలో నిప్పు పాకుతోంది, లోపలికి పోకు."

సింగన్న విరగబడి నవ్వాడు. "ఓహోహో! నేను కాచిన మందు నాకే తాగిస్తున్నావా వదినా? ఆ నిప్పుల మాట పుట్టించింది నేను! ఇందాకే లోపల కునుకు తీసొచ్చా, వాగునీళ్ళంత చల్లగా ఉంది."

"ఇందాక వేరు, ఇప్పుడు వేరు. పొగ చూడు."

"చూశాలే. ముందు దూరినవాడిదే ఇల్లు!" అంటూ పరుగెత్తి బొరియలో దూరాడు.

వేళ్ళు లోపల్లోపలే కాలి బొగ్గయ్యాయి. ఇప్పచెట్టు ఒక్కసారిగా ఒరిగింది; బొరియ కప్పు కూలి నిప్పురవ్వలు ఆకాశానికి లేచాయి. సింగన్న పెట్టిన కేక ఏడు కొండలు దాటి వెళ్ళిందంటే నమ్మండి! తోక మొదలంటా కాలి, పాదాలు బొబ్బలెక్కి, కూలిన సందులోంచి దొర్లుకుంటూ వచ్చి వాగులో పడ్డాడు.

"నిజంగానే నిప్పుందని గట్టిగా చెప్పొచ్చుగా వదినా!" అని మూలిగాడు.

"చెప్పాను మరిదీ. అంతకంటే గట్టిగా ఎలా చెప్పాలో నాకు తెలీదు."

పన్నెండో రోజు వాన కురిసింది. తీతువు నేల మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడింది. జీవాలన్నీ బారులు తీరి ఇళ్ళకి కదిలాయి. గంగులమ్మ కూలిన ఇంటి ముందు చాలాసేపు నిలబడింది. అమ్మమ్మ గోళ్ళ గుర్తులు లేవు, అమ్మ పడుకున్న మూల లేదు. తర్వాత పది అడుగులు పక్కకి జరిగి, బూడిద తోసేసి, తవ్వడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రమే ఆమెకి ఇద్దరు పిల్లలు పుట్టారు.

అబద్ధం పుట్టించినవాడు, అదే నిజమై ఎదురొచ్చినా గుర్తుపట్టలేడు.