మూడు రోజుల దుఃఖం, ఏడు రోజుల దుఃఖం

"అక్కడ ఏం జరిగినా సరే అక్కా, ఇక్కడ నీ కుండ నా పొయ్యిలోనే ఉడుకుతుంది."

ఈ మాట ఇచ్చినవాడి పేరు నబీల్. ఊఁ కొట్టు మరి.

అనగనగా మనకి చాలా దూరాన, సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో నబీల్ రొట్టెలు కాల్చి అమ్మేవాడు. అరబ్బు. ఎదురింట్లో ఫ్రేహా అనే ముసలమ్మ ఉండేది. యూదురాలు. ఇద్దరి సొంతగడ్డా ఒకటే, ఆ ఊరికి చాలా దూరాన. ఆ గడ్డ మాదంటే మాదని అక్కడ ఎప్పటినుంచో యుద్ధం.

యూదులు శనివారం నిప్పు రాజెయ్యరు. అందుకని ప్రతి శుక్రవారం పొద్దు వాలకముందే ఫ్రేహా చిక్కుడుగింజలూ మాంసమూ వేసిన కుండ తెచ్చి నబీల్ పొయ్యిలో పెట్టేది. మర్నాడు అతనే వేడివేడిగా ఇంటికి తెచ్చిచ్చేవాడు.

"ఉప్పెక్కువేశావు. వాసనకే తెలిసిపోతోంది" అని ఏడిపించేవాడు.

"నీ రొట్టె రాయి. నా పళ్ళనడుగు" అనేది ఆవిడ.

అప్పుడు అక్కడ యుద్ధం మళ్ళీ రేగింది. ఇక్కడ వీళ్ళ ఊరు రెండైంది. వీధికి ఆ పక్క నబీల్ వాళ్ళు, "న్యాయం లేనిదే శాంతి లేదు!" ఈ పక్క ఫ్రేహా వాళ్ళు, "భద్రత లేనిదే శాంతి లేదు!" అందరి నోటా శాంతే, బంగారూ. వీళ్ళ శాంతిలో వాళ్ళకి చోటు లేదు, వాళ్ళ శాంతిలో వీళ్ళకి చోటు లేదు. బాంబు పడని ఊళ్ళో నిలబడి అరవడం ఎంత తేలిక!

ఆ తర్వాత ఒక సోమవారం, అక్కడ ఇల్లు కూలి నబీల్ చెల్లెలు చచ్చిపోయింది. కొట్టు ముందు కుర్చీలు వేశారు. పరామర్శకి వచ్చినవాళ్ళకి చక్కెర లేని కాఫీ ఇచ్చారు.

మొదటిరోజు ఫ్రేహా చెప్పులేసుకుంది. "మనవాళ్ళు పోయినప్పుడు వాళ్ళొచ్చారా?" అన్నాడు మరిది. ఆగిపోయింది. రెండోరోజు పక్కింటామె, "అందరూ చూస్తున్నారు" అంది. మూడోరోజు ఎవరూ ఏమీ అనలేదు. తనే భయపడింది. "ఏడు రోజులుంటుందిగా, శుక్రవారం వెళ్తాలే" అనుకుంది.

యూదులు చావింట్లో ఏడు రోజులు కూర్చుంటారు. నబీల్ వాళ్ళకి మూడే. ఆ సంగతి ఆవిడకి తట్టనే లేదు.

శుక్రవారం కుండ పట్టుకుని వెళ్ళింది. కుర్చీలు లేవు.

"మూడు రోజులూ నీకో కుర్చీ ఖాళీగా ఉంచాను అక్కా" అన్నాడు నబీల్.

"ఏడు రోజులనుకున్నా తమ్ముడూ..."

"ఎదురింటి నుంచి రావడానికి ఏడు రోజులా? వెళ్ళు. పొయ్యిలో చోటు లేదు."

పొయ్యి నిండా చోటే. ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

మర్నాడు ఫ్రేహా ఎండు రొట్టె నీళ్ళలో తడుపుకుని తింది. సగంలోనే లేచిపోయింది.

ఆదివారం పొద్దున్నే ఒకే మాట మూడు కాయితాల మీద రాసింది. ఒకటి తమ ప్రార్థనామందిరం తలుపుకి, ఒకటి మసీదు తలుపుకి, ఒకటి నబీల్ కొట్టు తలుపుకి అంటించింది.

"మొదటి తప్పు నాది. భయపడ్డాను. ఎవరి చావుకి వాళ్ళమే ఏడుస్తుంటే, శాంతి ఎవరితో చేసుకుంటాం? మార్చి ఇరవై, శుక్రవారం, పొద్దు వాలేలోపు నాకు జవాబు కావాలి. ఇట్లు, ఫ్రేహా."

"జవాబు చెప్పారా అమ్మమ్మా?"

"మందిరం తలుపు మీది కాయితం ఎవరో చింపేశారు. మసీదు తలుపు మీదిదీ చింపేశారు. నబీల్ మాత్రం చింపలేదు. చదివాడు, లోపలికెళ్ళిపోయాడు."

"మరి?"

"తేదీ ఇంకా రాలేదమ్మా. కళ్ళు మూసుకో."

కథ కంచికి,
నిద్ర కంటికి,
జవాబు మార్చి ఇరవైకి.