పోచయ్య రుచి చూసిన కల్లు

వరదాచార్యులు నాడి పట్టుకుంటే పొరుగూళ్లో దగ్గేవాడికి కూడా దగ్గు ఆగిపోయేది. ఇది తగ్గించి చెప్పిన మాట. అంతటి వైద్యుడు నొప్పికి నల్లమందు గుళిక ఇవ్వవలసి వస్తే మాత్రం, పెళ్లిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా తీరిగ్గా ముచ్చట్లు మొదలుపెట్టేవారు.

శిష్యుడు యతిరాజు ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు: "స్వామీ, రోగి విలవిల్లాడుతున్నాడు. మందు మన చేతిలో ఉంది. మధ్యలో ఈ కబుర్లెందుకు?"

ఆచార్యులు గుళికల భరిణె అతని చేతిలో పెట్టారు. "ఈసారి వచ్చినవాణ్ణి నువ్వే చూడు."

వచ్చినవాడు పోచయ్యగౌడు. తాటిచెట్టు మీంచి పడి కాలు విరిగి, వారంగా మంచంలో ఉన్నాడు. బండిలో పడుకోబెట్టి తెస్తే, అతని మూలుగుకు ఎడ్లు కూడా కన్నీళ్లు పెట్టుకున్నాయి. యతిరాజు గుండె నీరైంది. అయినా నల్లమందుకు ముందు అడగవలసిన ప్రశ్నల పాఠం మరవలేదు.

"సారా తాగావా?"

"సారా ముట్టిన నోరు గాదయ్యా ఇది! ఎల్లమ్మ మీదొట్టు."

"వేరే మందులేమైనా?"

"మీ మందే మొదలు."

యతిరాజు గుళిక తీశాడు. పోచయ్య నోరు తెరిచాడు. అప్పుడు ఆచార్యులు అందుకున్నారు: "ఏం పోచయ్యా, చెట్లెవరు గీస్తున్నారు?"

అంత నొప్పిలోనూ పోచయ్య మొహం వెలిగింది. "నా బామ్మర్ది, అయ్యా. వానికి గీసుడు వచ్చు గని రుచి తెల్వది. పొద్దుగాల దించిన కుండలన్నీ నా మంచం కాడికే తెస్తడు. ఏది తీపో, ఏది పులిసిందో నేనే చెప్పాలె. ఒక్క ముంతతోని తెలుస్తదా?"

"కల్లు తాగి వచ్చావా!" అన్నాడు యతిరాజు.

"తాగుడెట్లయితది? రుచి జూసుడు నా పని!"

నల్లమందూ కల్లూ కడుపులో కలిస్తే నొప్పితోపాటు ఊపిరినీ నిద్రపుచ్చుతాయన్న పాఠాన్ని యతిరాజు తిరగేసి కూడా అప్పజెప్పగలడు. గుళికను తిరిగి భరిణెలో వేసేశాడు.

ఆచార్యులు ఆ పూట కాలికి కట్టు మాత్రమే కట్టి, పోచయ్యను తన అరుగుమీదే ఉంచుకున్నారు. కల్లు పూర్తిగా దిగాక, మర్నాడు, చిన్న గుళిక తానే మింగించి పక్కన కూర్చున్నారు. కుండల రుచి చూసే పని పోచయ్య భార్యకు అప్పగించారు. "ఆమెకు ఉప్పుకూ చక్కెరకూ తేడా తెల్వదు!" అని పోచయ్య నవ్విన నవ్వుకు ఇంటికప్పు పెంకులు కదిలాయి.

యతిరాజు ఇంకా కోపంగానే ఉన్నాడు. "ఒట్టు పెట్టుకుని మరీ అబద్ధమాడాడు, స్వామీ."

ఆచార్యులు భరిణె మూత బిగించారు. "లేదు నాయనా. నువ్వడిగినదానికి నిజమే చెప్పాడు."