పూసిన చెయ్యి

మదార్ వలి తాళాలు బాగుచేసేవాడు. మన్సూర్ సాబ్ వచ్చి, చనిపోయిన తన తమ్ముడి భార్య పెట్టెను ఆమెకు తెలియకుండా తెరవమని అడిగితే, వలి కుదరదన్నాడు. వారం తిరక్కుండానే, తన ఇంట్లో వెండి దీపం పోయిందని మన్సూర్ వలి మీద దొంగతనం కేసు పెట్టాడు.

ఆ వేసవంతా జైల్లోనే గడిచింది. పోయిందన్న ఆ దీపం చివరికి మన్సూర్ ఇంటి అటక మీదే దొరికింది. దాన్ని దాచింది ఆయనేనని వాళ్ల వంటమనిషి కోర్టులో చెప్పేసింది. జడ్జి కేసు కొట్టేశాడు.

అయినా ఊళ్లో ఎవరి తాళం పట్టేసినా వలిని పిలవడం మానేశారు. పని అడగడానికి వెళితే "తర్వాత చూద్దాంలే" అని గుమ్మంలోంచే పంపించేవాళ్లు. దొంగ అన్న పేరు పడ్డవాడి చేతికి తాళం ఎవరిస్తారు?

తప్పుడు కేసు పెట్టినందుకు మన్సూర్ మీద తిరిగి దావా వెయ్యాలనుకున్నాడు వలి. ఆ మాట చెప్పడానికి తన గురువు జలాల్ బాబా దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఖాదర్ సాబ్ అనే పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు.

"బయటపడ్డావు కదా, ఇంకేం కావాలి?" అన్నాడు ఖాదర్. "ఫకీరు శిష్యుడికి పగ పనికిరాదు. మన్నించి వదిలెయ్."

వలి గురువు వైపు తిరిగాడు. "బాబా, నాది పగేనా?"

"మన్సూర్‌ని జైల్లో చూడాలనుందా?"

"లేదు. అబద్ధమాడానని ఆయనే అందరి ముందూ ఒప్పుకోవాలి. నా కూతుర్ని బళ్లో దొంగ బిడ్డ అంటున్నారు బాబా!"

బాబా లేచాడు. పొయ్యి పక్కన బోర్లించి ఉన్న గిన్నె అడుగున అరచెయ్యి రుద్దాడు. ఆ మసిని ఖాదర్ తెల్లలాల్చీ మీద పూశాడు.

ఖాదర్ ఎగిరి లేచాడు. "ఇదేం పని బాబా! జుమ్మా నమాజుకు వెళ్లాల్సినవాణ్ణి!"

"నీళ్లు అక్కడున్నాయి. ఉతుక్కో."

"పూసింది మీరైతే నేనెందుకు ఉతుక్కోవాలి?"

అనేశాక ఖాదర్‌కి తానేమన్నాడో తెలిసొచ్చింది. వలి కళ్లలోకి చూడలేకపోయాడు.

బాబా తన దుప్పటి ఖాదర్‌కి కప్పి, లాల్చీ విప్పించాడు. తొట్టి దగ్గర గొంతుకూర్చుని, మసి వదిలేదాకా తన చేతులతోనే ఉతికాడు. దండెం మీద ఆరేసి, తడిచేతులతోనే వలి భుజం తట్టాడు.

"మన్నిద్దువులే. ముందు మన్సూర్‌ని నీళ్ల దగ్గరికి లాక్కురా."