చెమ్మి పుట్టిల్లు

అనగనగా, ఇక్కడికి చాలా చాలా దూరాన, చలి దేశంలో ఒక అడవి. ఆ అడవికి ఎలుగుబంటి రాజు.

ఆ అడవి నేల లోపల చెమ్మి అనే సాలమాండర్ ఉండేది. సాలమాండర్ అంటే ఏమిటంటారా? మన ఊళ్లలో కనబడదు లెండి. చూడగానే బల్లి అనుకుంటాం. వెడల్పాటి తల, పొట్టి తోక, ఒళ్లంతా తడి తడి.

వానలు మొదలయ్యాయి. గుడ్లు పెట్టే వేళయింది. చెమ్మి మెల్లగా పాకుతూ వాన మడుగు దగ్గరికి వచ్చింది. అక్కడ ఎలుగు రాజు దారికి అడ్డంగా కూర్చున్నాడు.

"ఈ ఏడు నీళ్లు తక్కువ. ఏదో ఒక జాతి పెద్ద వచ్చి 'ఇది మా పిల్ల' అంటేనే లోపలికి" అన్నాడు.

చెమ్మి జాతికి పెద్ద అంటూ ఎవరూ లేరు, అందుకే చుట్టుపక్కల వాళ్లను సాయానికి పిలిచింది. ఎండునేల మీద పెడితే గుడ్డు ఒక్కటీ బతకదు.

ముందు బల్లుల పెద్ద వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు. "పొలుసులేవీ? గోళ్లేవీ? జావలో గాని పడ్డావా ఏమిటి?" అని నవ్వాడు. అంతలోనే జాలిపడి చెవిలో చెప్పాడు. "పోనీ, బల్లినేనని చెప్పెయ్. నేను కాదననులే."

"వద్దు మామా. అబద్ధమాడి పిల్లల్ని కనలేను" అంది చెమ్మి.

పక్క వాగులోంచి చేప తల ఎత్తింది. "కాళ్లున్న చేపను నేనెరగను బాబూ!" అంటూ బుడుంగున మునిగిపోయింది.

చివరికి కప్పల అవ్వ వచ్చింది. "ఇంత పెద్దదానివయ్యాక తోకేమిటే!" అనబోయి ఆగింది. పాపం, చెమ్మి ఒళ్లు ఆరిపోతోంది. అవ్వ ఒక తడి ఆకు తెచ్చి కప్పింది.

"ఎక్కడుంటావే తల్లీ?"

అంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు.

"కుళ్లిన దుంగల కింద, తడి ఆకుల అడుగున, నేల బొరియల్లో ఉంటానవ్వా. ఒళ్లు ఆరితే బతకను."

"మరి పుట్టిందెక్కడ?"

"ఈ మడుగులోనే. చిన్నప్పుడు మెడ పక్కన కుచ్చుల్లాంటి మొప్పలుండేవి. అవి పోయాకే గట్టెక్కాను."

అవ్వ గిరుక్కున తిరిగింది.

"విన్నావా రాజా? ఇది మా పిల్ల కాదు, నిజమే. కానీ మా పిల్లలు పుట్టే నీళ్లలోనే పుట్టింది. ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వస్తే, గుమ్మంలో నిలబెట్టి నువ్వెవరివని అడుగుతారటయ్యా ఎక్కడైనా?"

ఎలుగు రాజు తల దించుకున్నాడు. "మా అమ్మ వింటే నా చెవి మెలేసేది" అంటూ లేచి పక్కకు జరిగాడు.

చెమ్మి నీళ్లలోకి జారింది. మునిగిన పుల్లలకు అంటిపెట్టుకునేలా గుడ్లు పెట్టింది. అవ్వ గట్టు మీదే కాపలా కూర్చుంది.

కాబట్టి పిల్లలూ, రూపం చూసి ఎవరినీ మనవాళ్లు కారని తేల్చెయ్యకూడదు. ఎక్కడి నుంచి వచ్చారో, ఏ అవసరంతో వచ్చారో ముందు ప్రేమగా అడగాలి.